నాలుకమ్మ ఓడెక్కిన రోజు

ముందే ఒప్పేసుకుంటే తిట్లు తగ్గుతాయంటారు. ఆ రెండు గిన్నెల తెలివి ఈ రాసేవాడిదే. వంటాయన వద్దన్నాడు. "తిండి దగ్గర ఆటలేంటి బాబూ" అని నచ్చజెప్పాడు. వింటేగా. ఇక ఇక్కడి నుంచి వాడు ఉత్త మేనల్లుడు, ఎందుకంటే కథ వాడిది కాదు, వాడి మేనత్తది.

ఆవిడ బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే మనిషి. వాయి బయటికి రాగానే ఒక బిస్కెట్ తీసి, సగం కొరికి, నమిలి, పక్కనున్న డబ్బాలో ఉమ్మి, గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, "పోనివ్వు" అనో "ఆపు" అనో అనాలి. అదే ఉద్యోగం. పెళ్ళైన కొత్తలో చేరి, జుట్టు నెరిసేదాకా అదే చేసింది. "మీ ఆవిడకి తినడానికి జీతమిస్తారటగా" అని ఎవరైనా వేళాకోళం చేస్తే, మామయ్య "తినడానికి కాదు, ఉమ్మడానికి" అనేవాడు. ఒకసారి ఉప్పు రెండుసార్లు పడిందని మొత్తం వాయి ఆపేయించింది. యజమాని పరిగెత్తుకొచ్చి, ఒకటి కొరికి, బాగానే ఉందన్నాడు.

"మీ నాలుకకి బాగానే ఉంటుంది సార్. దానికి ఏదైనా అలవాటే" అంది.

ఉద్యోగం పోలేదు సరికదా, పేరొచ్చింది. నాలుకమ్మ.

రిటైరైన రోజున ఫ్యాక్టరీవాళ్ళు వారం రోజుల ఓడ ప్రయాణం బహుమానంగా ఇచ్చారు, ఇద్దరికి. మామయ్య అప్పటికే పోయాడు. "ఎప్పుడో వెళ్దాంలే" అని టికెట్లు బీరువాలో పడేసింది. ఈలోపు కిడ్నీలు చెడిపోయాయి. ఉప్పు అసలు వద్దు, నీళ్ళు రోజుకి చిన్న సీసాడు, అరటిపండు వద్దు, బంగాళదుంప వద్దు.

"ఇంకేం మిగిలింది డాక్టరుగారూ, గాలేనా?"

"ఉప్పు తిన్నారంటే అది కూడా మిగలదమ్మా. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది."

వచ్చే నెల నుంచి మిషన్ మీద రక్తం కడిగించుకోవాలి. వారానికి మూడుసార్లు, బతికున్నంతకాలం. అంటే వెళ్తే ఇప్పుడే. లేకపోతే ఇక లేనట్టే.

ఓడ చిన్నది. పన్నెండు గదులు, ఒక్కటే వంటగది, డాక్టరు లేడు. ఆవిడ జబ్బు సంగతి విని కెప్టెన్ ముందు కుదరదన్నాడు. విడిగా వండినా, హడావుడిలో ఒకే గరిటె రెండు గిన్నెల్లో పడితే ఎవరిది పూచీ అన్నాడు.

"పడితే నా నాలుక పట్టేస్తుంది బాబూ. నాకు తెలియకుండా ఉప్పు నా గొంతు దిగదు. పూచీ నాది" అని ఫోన్‌లో చెప్పింది. ఆ ఒక్క మాట మీద ఒప్పుకున్నాడు.

ఆవిడ చెప్పనిదేంటంటే, ఆ నాలుక చచ్చిపోయి నెలలైంది. జబ్బు ముదిరినప్పటి నుంచి ఏది నోట్లో పెట్టినా తుప్పుపట్టిన తాళంచెవి చప్పరించినట్టే. అన్నమైనా అంతే, పాలైనా అంతే. ఇంట్లో ఉప్పు డబ్బానే తీసేసింది కాబట్టి పట్టుబడే పనిలేదు. అబద్ధం ఆడానని ఆవిడకి తెలుసు. మిషన్‌కి కట్టేసుకునే ముందు ఒక్క వారం సముద్రం చూడాలి, అంతే.

మధ్యాహ్నం ఓడెక్కేసరికే పాదాలు ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. రెండో టికెట్ మీద తోడొచ్చిన మేనల్లుడు భుజం పట్టుకోబోయాడు.

"వదులు. ముసలిదాన్ని కానీ మూటని కాదు."

పైన కుర్చీలో కూర్చుని, సీసా మూతలో నీళ్ళు పోసుకుని చప్పరిస్తూ సముద్రం చూసింది. "చుట్టూ ఇన్ని నీళ్ళు. నాకు మూతెడు" అంది. మేనల్లుడు నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

ఆవిడ అలా కునుకు తీస్తుంటే, వాడు ఓడంతా తిరిగి అత్త నాలుక గురించి ఊదరగొట్టాడు. ఆ నోటితోనే వంటగదిలో దూరాడు.

సాయంత్రం భోజనానికి అందరికీ కలిపి ఒకటే పొడుగు బల్ల. ఆవిడ ముందు రెండు తెల్ల గిన్నెలు దిగాయి. రెండింట్లో ఒకే రంగు సూప్.

"అత్తా, ఒకటి అందరిదీ, ఒకటి నీకోసం చేసిన చప్పిడిది. వీళ్ళెవరూ నన్ను నమ్మట్లేదు. ఒక్క చుక్కలో తేల్చి పారెయ్."

"ఆకలేస్తోందిరా. వేషాలొద్దు. నాది నాకియ్యి."

"ఒక్కసారే అత్తా. నా పరువు పోతుంది."

పోయేది ఎవరిదో వాడికేం తెలుసు. బల్ల చివర కెప్టెన్ తినడం ఆపి చూస్తున్నాడు. నవ్వుతున్నవాళ్ళలో ఆయన లేడు. ఇప్పుడు కాదంటే ఎందుకని అడుగుతాడు.

చెంచా కొస ఎడమ గిన్నెలో ముంచి నాలుకకి తాకించింది. తాళంచెవి. కుడి గిన్నె. అదే తాళంచెవి. ఆవిరి చూసింది, పైన తేలే నూనె చూసింది. వంటాయన మొహం చూసింది. పాపం మంచివాడు, ఆట చెడగొట్టకూడదని నేల చూస్తున్నాడు.

ఎడమ గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఇది నాది."

మేనల్లుడు బల్ల మీద దరువేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ ఒక చెంచా తాగింది, ఇంకోటి తాగింది, "బాగా చేశావు నాయనా" అంది. మూడోది ఎత్తబోతుంటే వంటాయన వచ్చి గిన్నె మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. అది అందరిదీ."

చప్పట్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

తర్వాత కెప్టెన్ ఆవిడ గదికొచ్చాడు. కూర్చోలేదు. "పొద్దున్నే రేవు వస్తుంది. కారు పిలిపిస్తాను. రెండు చెంచాలకి కాదమ్మా, మీ మాట మీద ఎక్కించుకున్నాను."

"తెలుసు బాబూ. మీ చోట నేనున్నా ఆపేసేదాన్నే."

ఆయన వెళ్ళాక, ఆవిడ కొత్త చీరలు మళ్ళీ సంచిలో సర్దడం మొదలుపెట్టింది. రెండు మడతలకొకసారి ఆగి, మంచం అంచు పట్టుకుని ఊపిరి తీసుకుంటోంది. మేనల్లుడు గుమ్మంలోనే నిలబడి అడిగాడు.

"నాలుక పోయిందని నాకైనా ఎందుకు చెప్పలేదత్తా?"

ఆవిడ తలెత్తలేదు.

"చెబితే దాన్ని కూడా నలుగురు నవ్వేలా చెప్పుకుంటావు కదరా. వచ్చి ఈ సంచి మీద కూర్చో, జిప్పు పడట్లేదు. బరువుకైనా పనికొస్తావు."