తెల్వదు గారికి శాలువా

తెలంగాణ వచ్చిన కొత్తల, మన మాట మనం గట్టిగ మాట్లాడితె ఎవలన్న నవ్వుతరేమో అన్న జంకు మెల్లమెల్లగ పోతున్న రోజులల్ల, నాకొక గట్టి నమ్మకం ఉండేది. లోకంల ఉన్న గడబిడ అంత ఎందుకొచ్చిందంటె, ఫారం గడులల్ల సరైన మాట నింపకపోవుట్లనే అని. (కొత్త డిగ్రీ చేతుల పడ్డోళ్లకు ఇసొంటి నమ్మకాలు జరమొచ్చినట్టు వస్తయి. కొందరికి తగ్గుతయి.) మాది పాలమూరు దిక్కు ఆత్మకూర్. లైబ్రరీ కోర్సు చదివి, నల్లగొండల ఒక చిన్న డిజిటల్ గ్రంథాలయంల కాంట్రాక్టు నౌకరికి చేరిన. ఊర్లల్ల జనం దగ్గర మూలకు పడి ఉన్న భజన నోటుబుక్కులు, నాటకాల కరపత్రాలు, చేతిరాత వైద్యం బుక్కులు తెచ్చి, స్కాను చేసి, ఎవలు ఎక్కడ కూసోని వెతికినా దొరికేటట్టు కంప్యూటర్ల పెట్టాలె. గదీ మా పని.

మేం ముగ్గురమే. పెద్దదిక్కు ఒక రిటైరైన తెలుగు సారు. ఒక్క కామా తప్పిపోయినా ఆ పూట అన్నం సయించని మనిషి కాబట్టి, ఆయన లేనప్పుడు 'కామా సారు' అనుకునేటోళ్లం. ఇంకొకామె నాకన్న పదేండ్లు పెద్ద. కూలి చేసుకునే ఇంట్లకెల్లి మొట్టమొదట నౌకరికొచ్చిన మనిషి. ఆదివారం చర్చిల పాటలు పాడేది, మిగిలిన రోజులు కీబోర్డు మీద వడగండ్ల వాన కురిపించేది. ఆమె మా ఫటాఫట్ అక్క.

కంప్యూటర్లకెక్కిన ప్రతి కాగితానికి ఒక చీటీ అసొంటిది ఉంటది. దాని పేరేంది, రాసినోళ్లెవలు, ఏ ఊరిది, దేని గురించి అని. దాన్నే మెటాడేటా అంటరు. కాగితం ఎంత మంచిదైనా గీ చీటీ తప్పయితె, అది ఉండీ లేనట్టే. నేను చేరిన వారానికే సంగతి సమజయింది. అక్క 'నల్గొండ' అని కొడుతున్నది, నేను 'నల్లగొండ' అని, సారేమో పాతకాలం పేరు 'నీలగిరి' అని. వెతికితె ముగ్గురికి మూడు జిల్లాలు కనవడుతున్నయి.

"బస్సు మీద నల్గొండ అనే ఉంటది గద సారూ," అన్నది అక్క.

"బస్సు మీద పొగతాగరాదు అని గూడ ఉంటదమ్మా. అది గూడ ఊరి పేరేనా?" అన్నడు సారు.

వీళ్ల పంచాయితి నేను తెంపుత అనుకున్న. అన్ని ఊర్ల పేర్లు ఒక్క తీరుగ చేస్తనని కూసోని, ముందుగాల కనవడ్డ 'ఆత్మకూర్'లన్నిటికి ఒక్క దెబ్బతోని మా పాలమూరు జిల్లా తగిలిచ్చిన. సూర్యాపేట దిక్కు గూడ ఒక ఆత్మకూర్ ఉన్నదన్న ముచ్చట నాకెవలు చెప్పిన్రు? ఆ ఊరి భజనలు, కోలాటం పాటలు అన్ని ఒక్క పూటల మా కృష్ణ ఒడ్డుకు వచ్చి పడ్డయి. "నీ ఊరంటె ప్రేమ, పావురం ఉండొచ్చు పిల్లా, గని మంది ఊరి పాటలు గుంజుకస్తవా?" అని అక్క కడుపు పట్టుకోని నవ్వింది. వాటిని వాపసు పంపెటాలకు నాకు నాలుగు రోజులు పట్టింది.

అయినా బుద్ధి రాలే. మరునాడే నియమాల కాగితం ఒకటి రాసి గోడకు అంటబెట్టిన. అందుల మొదటి నియమం, ఏ గడీ ఖాళీగ వదలరాదు. రెండోది, రాసినోళ్ల ఇంటిపేరు ఒక గడిల, పేరు ఇంకో గడిల, తెలుగుల, ఇంగ్లిష్ అక్షరాలల్ల రెండింట్ల కొట్టాలె. మరి పేరు లేని నోటుబుక్కు వస్తెనో? మాకొచ్చేటియి సగం గట్లాంటియే. ఒకలు 'ఎవరో' అని, ఒకలు 'అజ్ఞాత' అని కొడుతుంటె నాకు నచ్చక, అందరం ఒక్క తీరుగ 'తెల్వదు' అనే కొట్టాలని ఆర్డరేసిన. ఇంటిపేరు గడిల తెల్వదు, పేరు గడిల తెల్వదు. ఒక్క తీరుగ ఉన్నది గద అని మురిసిపోయిన గూడ.

కొన్ని నెలలకు హైదరాబాదుకెల్లి పెద్దాఫీసరు వచ్చిండు. మా పని నచ్చితె ఇంకో ఏడాది నడుస్తది, లేకుంటె గది తాళమేసి ఇంటికి పోవుడే. కాగితాలిచ్చిన ఊరోళ్లను గూడ పిలిచినం. ఆఫీసరు కోస్తా దిక్కు మనిషి, మర్యాదస్తుడు. మౌసు పట్టుకోని ఇంగ్లిష్ అక్షరాలల్ల ఉన్న రచయితల జాబితా తీసిండు. ఎక్కువ రాసినోళ్లు పైన కనవడుతరు. చూసి కండ్లు పెద్దగ చేసిండు.

"ఎవరమ్మా ఈ తెల్వాడు తెల్వాడు? భజనలు రాశారు, నాటకాలు రాశారు, పశువైద్యం కూడా రాశారు! ఇంత పెద్ద రచయిత మీ జిల్లాలో ఉన్నారా?"

"తెల్వదు సార్," అన్న.

"అదే, ఆయనే. ఎక్కడుంటారు?"

"తెల్వదు సార్."

"పేరు చదివానమ్మా. ఊరు అడుగుతున్నా. పిలిపించండి, ఒక శాలువా కప్పుదాం."

కామా సారు దగ్గు వచ్చినట్టు జేసి బయటికి నడిచిండు. ఫటాఫట్ అక్క బల్ల కింద పడని పెన్నును వెతుకుతున్నది. ఆఖరికి నేనే చెప్పిన, "సార్, అది మనిషి కాదు. రాసిందెవలో మాకు తెలియదని." ఆయన పడిపడి నవ్విండు. గదిల అందరు నవ్విన్రు. నేను గూడ నవ్వినట్టు మొఖం పెట్టిన.

ఆ నవ్వుల నడుమ, ఎనుక వరుసకెల్లి ఒక పెద్దమ్మ లేచి వచ్చింది. పానగల్ మనిషి. వాళ్లది గొర్లు కాసే ఇల్లు. వాళ్ల బాపు రాసిన గొర్ల మందుల నోటుబుక్కు తెచ్చిచ్చింది ఆమెనే. "జర మా బాపు బుక్కు సూపెట్టు బిడ్డా," అన్నది. తీసి చూపెట్టిన. వాళ్ల బాపు చేతిరాత అంత పెద్దగ తెర మీద కనవడంగనే ఆమె మొఖం ఎలిగిపోయింది. తర్వాత పక్కనున్న అక్షరాల మీద వేలు పెట్టి కూడబల్కుకున్నది. "తె... ల్వ... దు."

"గిదేంది బిడ్డా? గిది మా బాపు పేరు కాదు గద."

"బుక్కు మీద పేరు లేదు పెద్దమ్మా, అందుకని..."

"బుక్కు మీద లేకపోతె ఏమాయె, నేనున్న గద. ఇచ్చిననాడు నీ ముందట్నే గంటసేపు కూసుంటి. అడిగితె చెప్పకపోదునా?"

కోపంగ గూడ అనలే. గందుకే ఎక్కువ తాకింది. ఆమె కూసున్న ఆ గంటసేపు నేను చేసింది నాకు యాదికొచ్చింది. నోటుబుక్కు పొడుగు, ఎడల్పు కొలుచుకుంట కూసున్న. అది గూడ ఒక గడే.

ఆఫీసరు లేచి తన కుర్చీ ఆమెకు జరిపిండు. "అమ్మా, నాన్నగారి పేరు చెప్పండి, ఈ అమ్మాయి రాస్తుంది," అన్నడు. ఆమె ఒకటి కాదు, మూడు పేర్లు చెప్పింది. రేషన్ కార్డుల ఒకటి, ఊర్లె పిలిచేది ఒకటి, మందకాడ తోటి గొల్లలు పిలిచేది ఇంకొకటి. "ఏదన్న ఒక్కటి చెప్పు పెద్దమ్మా," అన్న అలవాటుగ. "ఎందుకు? మూడు గాయనవే," అన్నది. ఎక్కడికెల్లి వచ్చిండో కామా సారు నా ఎనుకనే నిలబడి, "ఒకటి ముందట పెట్టు, తక్కిన రెండు పక్కన పెట్టు. ఏది వెతికినా ఆయనే దొరకాలె," అన్నడు. ఆ రోజే 'ఇతర పేర్లు' అని కొత్త గడి పుట్టింది. జిల్లా పేరు లొల్లి గూడ గట్లనే తెగింది. ముందట నల్లగొండ, పక్కన మిగిలిన రెండు.

ఆఫీసరు మాకు ఇంకో ఏడాది ఇచ్చిండు. ఆ ఏడాది మేం ముగ్గురం బస్సులు, ఆటోలు పట్టుకోని కాగితాలిచ్చిన ఇండ్లన్ని మల్ల తిరిగినం. ఒక ఇంట్ల అన్నదమ్ములు ఒక్క భజన గురించి, ఒకలు నాయిన రాసిండంటె ఇంకొకలు తాత రాసిండని మా ముందట్నే కొట్లాడుకున్నరు. ఇంకో ఇంట్ల, బతుకమ్మ పాటల నోటుబుక్కు ఎవలు రాసిన్రని అడిగితె, పొయ్యికాడ రొట్టెలు చేస్తున్న అవ్వ తల ఎత్తకుండనే, "నేనే," అన్నది. ఆమె మనుమలకు గూడ గా దినమే తెలిసింది.

ఇప్పుడు నేను మహబూబ్‌నగర్ల ఒక కాలేజీ లైబ్రరీల ఉన్న. మొన్న ఏదో వెతుకుతుంటె మేం మొదట్ల చేసిన చీటీ ఒకటి తగిలింది. ఎట్లనో సరిచేయకుండ మిగిలిపోయింది. రాసినోళ్లు, తెల్వదు. కాలం, తెల్వదు. అన్నిటికన్న కింద, 'నమోదు చేసినవారు' అన్న గడిల మాత్రం నా ఇంటిపేరు, నా పేరు, మా నాయిన పేరు, డిగ్రీ, అందుల వచ్చిన క్లాసు, ఒక్క అక్షరం పొల్లువోకుండ ఉన్నయి. అది గంత పొడుగు నింపుమని ఎవలు అడగలే. తుడిచేద్దామని కర్సరు గూడ పెట్టిన. గని మనసొప్పలే. పాపం, ఎంత మురిపెంగ కొట్టుకున్నదో ఆ పిల్ల.