ససేమిరా సారు

ససేమిరా సారు నోట 'సరే' అన్న మాట విన్నవాళ్ళు కంట్రోల్ రూములో ఒక్కరూ లేరు. పెళ్ళిపీటల మీద కూడా తలే ఊపి ఉంటాడనీ, అదీ అడ్డంగానేననీ జనం చెప్పుకునేవారు.

"టీ తాగుతారా సార్?"

"ససేమిరా తాగను," అంటూనే గ్లాసు అందుకునేవాడు.

కుర్చీ కాలు విరిగితే ఆఫీసువాళ్ళు కొత్త కుర్చీ తెచ్చారు. ససేమిరా అన్నాడు. విరిగిన కాలికి కర్రముక్క కట్టుకుని, దానిమీదే కూర్చుని, అంతకంటే అధ్వానంగా ఉన్న అంతరిక్ష నౌకను ఆకాశంలో నడిపాడు.

ఆ నౌక ఎక్కడో తిరిగే రాతిగుండు మీంచి గుప్పెడు మట్టి తీసుకుని భూమికి తిరిగొస్తోంది. ముసలిదైపోయింది. బ్యాటరీలో సత్తువ లేదు. ఇంధనం గొట్టాన్నీ రేడియోనూ ఒకేసారి వెచ్చబెట్టుకోలేదు. కాసేపు దాన్నీ కాసేపు దీన్నీ వెచ్చబెట్టుకోమని ఇక్కణ్ణుంచి చెబుతూ ఉండాలి. ఆ పని రేడియో చూసే అమ్మాయిది.

"ఇద్దరు పిల్లలు, ఒకటే దుప్పటి తల్లీ. ఎవరూ గడ్డకట్టకూడదు," అనేవాడు సారు.

"దుప్పటికి చిరుగులు కూడానూ."

"ససేమిరా లేవు."

ఈలోగా డైరెక్టరుకి కొత్త నౌక మీద మోజు పుట్టింది. పాతవాటికి నివాళి రాయడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. బతికుండగానే రాసేస్తాడు. ముసలిదాన్ని ఆపేసి యాంటెన్నాను కొత్తదానికి ఇచ్చెయ్యమని హుకుం జారీ చేశాడు.

అమ్మాయి ఆపలేదు. ఇంటిదగ్గర ఆమె జీతం కోసం ఎదురుచూసేవాళ్ళున్నారు. అయినా పళ్ళు బిగించి, పొద్దున్నే గొట్టం వెచ్చబెట్టుకోమని నౌకకు కబురు పంపేసింది. మధ్యాహ్నానికల్లా డైరెక్టరు ఊడిపడ్డాడు.

"ఎవరు పంపారు? ఇవాళే ఉద్యోగం పీకేస్తా!"

అమ్మాయి నోరు తెరిచేలోగా కర్రకాలి కుర్చీ కిర్రుమంది.

"నేనే."

"మీరా? మీకు పాస్‌వర్డు కూడా గుర్తుండదు కదండీ!"

"ససేమిరా ఒప్పుకోను. గుర్తుంది."

"అయితే చెప్పండి!"

"ససేమిరా చెప్పను. పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదని సంతకం పెట్టి మరీ గోడకంటించింది తమరే."

గదిలో అందరూ గోడకేసి చూశారు. డైరెక్టరూ చూశాడు. సంతకం ఆయనదే.

"మిమ్మల్ని ఇంటికి పంపేస్తా!"

"ససేమిరా వెళ్ళను."

అమ్మాయికి అప్పుడు వెలిగింది. ఇన్నేళ్ళూ పైనుంచి పడిన ప్రతి తిట్టూ ఆ 'ససేమిరా'కే తగిలి ఆగిపోయింది. వెనకున్నవాళ్ళ మీద ఒక్క చినుకూ పడలేదు. ఈయన దుప్పటి కప్పుతున్నది నౌకకొక్కదానికే కాదు.

డైరెక్టరు గోడమీది సంతకాన్ని ఇంకోసారి చూసుకున్నాడు. "ఏడవండి! ఈ ఒక్క నెలా!" అని తలుపు విసిరి వెళ్ళిపోయాడు.

గొట్టం గడ్డకట్టలేదు. ఇంజను దగ్గింది, మూలిగింది, చివరికి మండింది. మట్టి డబ్బా గొడుగు విప్పుకుని ఎడారిలో దిగింది. నౌక మాత్రం ఇంకా గొణుగుతూనే భూమి పక్కనుంచి సాగిపోయింది.

డైరెక్టరు ఫొటోగ్రాఫర్లను వెంటేసుకుని వచ్చాడు. "సాధించాం! ఇక ఆ ముసలిదాన్ని ఆపేద్దామా?"

సారు నోటినిండా టీ ఉంది. ఆయన గుటక వేసేదాకా ఎవరూ ఆగలేదు. రేడియో అమ్మాయి అందుకుంది, గది గదంతా గొంతు కలిపింది.

"ససేమిరా!"

సారు మాత్రం, మొట్టమొదటిసారి, తల నిలువుగా ఊపాడు.