కడుపు ఊరుకున్న సోమవారం

మల్కాపురంలో మా ఇంట్లో నెలకో ఆదివారం ఆముదం తాగించే రోజు. పెందుర్తి అవతల పొలం పనుల్లో బతికిన మా అత్త, కొడుక్కి పోర్టులో పని దొరికాక మా దగ్గరికి వస్తూ ఈ ఆచారాన్ని కూడా వెంట తెచ్చుకుంది. పొద్దున్నే వేడి కాఫీలో ఆముదం కలిపి, మా పిల్ల ముక్కు మూసి పట్టించేది. ఆవిడతో వాదించడం కన్నా గోడతో వాదించడం నయం. గోడ తిరిగి మాట అనదు.

అవి డెబ్బైల చివరి రోజులు. మా అమ్మాయికి అయిదేళ్లు. కాళ్లూ చేతులూ పుల్లలు, కడుపు మాత్రం కుండ. వీధి కుళాయి పక్కనే మురుగు కాలవ. పిల్లలంతా ఆ గట్టు మీదే ఆడేవారు, ఆ చేతులతోనే జంతికలు తినేవారు. మా పిల్ల ఎంత పెట్టినా ఇంకా కావాలనేది. బాగా తింటోందని ఇరుగుపొరుగు మురిసిపోయేవారు, నేనూ మురిశాను. ఆ తిండి నిజానికి ఎవరు తింటున్నారో నా బుర్రకి తట్టలేదు.

ఒక శనివారం వాంతిలో జానెడు ఏలికపాము పడింది. తెల్లగా, ఇంకా కదులుతూ ఉంది. నేను పరుగున వెళ్లి కాంపౌండరు దగ్గర నట్టల మందు తెచ్చి, ఆయన చెప్పినదానికన్నా ఒక మూత ఎక్కువే తాగించాను. తెల్లారితే ఆదివారం. అత్త తన ఆముదం తను పట్టించింది. ఇద్దరం పోటీపడి వైద్యం చేశాం.

ఆ రోజంతా పిల్ల మెలికలు తిరిగింది. బొడ్డు పక్కన ఏదో గట్టి ఉండ చేతికి తగిలేది. మా ఆయన డబుల్ డ్యూటీలో ఉన్నాడు. ఆసుపత్రికి పోదామన్నాను.

"పురుగులు దిగతన్నాయి. ఆగు" అంది అత్త.

ఆగాను.

సోమవారం పొద్దున్నే ఏడుపు ఆగింది. నొప్పి లేదంది పిల్ల. అత్త కొబ్బరికాయ కొట్టింది. నేను అన్నం వండుకుని తృప్తిగా తిన్నాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది. మధ్యాహ్నం ఒళ్లు తుడుస్తూ పిల్ల కడుపు మీద చెవి ఆనించాను. ఎప్పుడూ గుడగుడలాడే కడుపులో చిన్న చప్పుడు లేదు. పైగా డప్పులా బిగుసుకుపోయింది. అత్తని కేకేశాను.

రిక్షాలో ఆసుపత్రికి తీసుకుపోయాం. డాక్టరు కుర్రవాడే. స్టెతస్కోపు చాలాసేపు పెట్టి విని, నొప్పి ఎప్పుడు ఆగిందని అడిగాడు. పొద్దున్నే అంటే, ఇంతసేపూ ఏం చేశావంటాడు. కొబ్బరికాయ కొట్టామని చెప్పనా?

"ఇప్పుడే బాబూ, గంటయ్యింది" అన్నాను.

అత్త పక్కనే ఉంది. నేల వైపు చూసింది. మౌనం అర్ధాంగీకారం అంటారు గానీ, ఆవిడది పూర్తి అంగీకారమే.

గంటే కాబట్టి కాస్త చూద్దామన్నాడు. పురుగుల ఉండ దానంతటది విడిపోతే ఆపరేషన్ అక్కర్లేదట. ముక్కులో గొట్టం వేశారు, సెలైన్ పెట్టారు. చీకటి పడేవరకూ చూసి, అప్పుడు కడుపు కోశారు.

బయటికి వచ్చి ఆయనే చెప్పాడు. "పేగు గోడలో దానికంటూ నరాల కణాలుంటాయమ్మా. తిన్నదాన్ని ముందుకి తోయించేది అవే. పురుగులు అడ్డం పడితే పేగు ఇంకా గట్టిగా తోస్తుంది. ఆ నొప్పి దానిదే. రక్తం అందక ఆ కణాలు చచ్చిపోతే ఇక తోయదు, నొప్పీ ఉండదు." చేతులు తుడుచుకున్నాడు. "కానీ గంటలో పేగు అంత నల్లబడదే" అన్నాడు, తనలో తను అనుకుంటున్నట్టు.

పిల్ల ఎక్కడుందని అడిగాను. బుధవారం పిల్ల పోయింది.

ఆ గంట అబద్ధం సంగతి మా ఆయనకి ఇద్దరిలో ఎవరం చెప్పలేదు. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు అత్తా నేనూ ఒకే పొయ్యి దగ్గర బతికాం. పోట్లాడుకున్నాం, కూరలో ఉప్పు గురించి, కుళాయి దగ్గర వంతు గురించి. దాని గురించి మాత్రం ఎప్పుడూ కాదు. మంచం పట్టిన రోజుల్లో ఆవిడ ఒకసారి నా చెయ్యి పట్టుకుంది.

"నానైనా సెప్పాల్సింది, అమ్మీ" అంది.

ఏం చెప్పాలని నేను అడగలేదు. మా ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు.