తుమ్మచెక్క దొర కుర్చీ

పోయిన నెల నా కుర్చీ కాలు ఊగడం మొదలుపెట్టింది. ఆర్మూర్‌లో మా గల్లీ చివర వడ్రంగి కొట్టు పెట్టుకున్న వడ్ల ఆయనను పిలిపించాను. అతను కుర్చీని బోర్లించి, అడుగున ఉలి మొనతో ఇంత గీకి, "పెద్దయ్యా, ఇది ఎక్కడిది?" అన్నాడు. ఆ ప్రశ్నకు నలభై ఏళ్లుగా నా నోట్లో జవాబు తయారుగా ఉంది. "ఏర్గట్ల దిక్కు ఒక గడిల దొర కూసున్నది. నూరేండ్లు దాటింది" అన్నాను. అతను పకపకా నవ్వాడు. "దొరలు తుమ్మచెక్క మీద కూసుంటరా? గడిల సామానంత టేకే ఉంటది. ఎవలో నీకు మంచి కథ చెప్పిండ్రు."

నాకు ఒళ్లు మండింది. నా ఒళ్లు మండడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని మా గల్లీలో అందరికీ తెలుసు గానీ, దీనికి కారణం ఉంది. మా నాయిన దొర ఉండే గడి ముందు చెప్పులు చేత పట్టుకుని నిలబడ్డ మనిషి. నేను బడి ముఖం చూడలేదు. మార్కెట్‌లో పసుపు తూకాల దగ్గర పనిచేస్తూ, బస్తాల మీద రాసిన పేర్లు చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. అలాంటివాణ్ని దొర కూర్చున్న కుర్చీలో కాలు మీద కాలేసుకుని పుస్తకాలు చదివాను, తప్పు చేసిన ప్రతి అధికారి మీదా అర్జీలు రాశాను. వచ్చినవాళ్లందరికీ దాని వంపు తిరిగిన చేతులు చూపించి, ఇంత పనితనం ఇప్పుడెక్కడిదని సవాలు చేశాను.

ఆ వంపే నన్ను పట్టిచ్చింది. "గీ చేతులు చూడు, బండి చక్రం వంపు. వీపుకు వెట్టినయి చక్రం ఆకులు, అందుకే ఒక కొస సన్నగున్నయి" అని వడ్ల ఆయన ఒక అతుకు ఊడదీశాడు. లోపల పాత బెజ్జం ఒకటి, చెక్కముక్కతో పూడ్చినది. దాన్ని కొడితే చిటికెడు పసుపు రాలింది. "పసుపు మోసిన బండి" అన్నాడతను. నేను దాన్ని వేలికి అద్దుకుని వాసన చూశాను. నాకు అలాంటి బండి ఒక్కటే తెలుసు.

నేను పుట్టిన ఏడే మా నాయిన దాన్ని చేయించాడట. అమ్మకు ఏళ్లు లెక్కపెట్టడం రాదు. నా వయసు ఎవరడిగినా "బండి ఈడోడు" అనేది. ఏటా పసుపు తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి, దాని మీద ఎత్తుకుని ఆర్మూర్ మార్కెట్‌కు వచ్చేవాళ్లం. బస్తాల మీద నేను, ఎడ్ల పక్కన నడుస్తూ అన్న. నాయిన పోయాక అది పెరట్లో నిలిచిపోయింది. నేను ఆర్మూర్‌లో కుదురుకున్నాను, అన్న ఊళ్లో వ్యవసాయం పట్టుకున్నాడు. ఒక ఏడు పసుపు ఉడకబెట్టే రోజుల్లో ఊరికి పోతే పెరట్లో బండి లేదు. కడాయి కింద పొయ్యిలో దాని పలకలు మండుతున్నాయి. పండక్కి నేను వేసిన ఎర్రరంగు గీతలు ఇంకా కాలిపోలేదు. కూలీలందరి ముందూ అరిచాను: "నాయినను రెండోపారి కాలవెడ్తున్నవారా?" అన్నను 'రా' చేర్చి పిలిచింది ఆ ఒక్కసారే. అన్న పొయ్యి ఎగదోసే కట్టె పట్టుకుని నిలబడిపోయాడు. నేను మంచినీళ్లు కూడా ముట్టకుండా బస్సెక్కాను.

మరుసటి ఏడు ఎవరో ముసలి వడ్ల ఆయన ఈ కుర్చీని మా ఇంటికి మోసుకొచ్చాడు. గడి సామాను అమ్ముతున్నారని, "నీ అసుంటి సదువు తెలిసినోని ఇంట్ల ఉంటే అందం" అని అన్నాడు. ఆ ఒక్క మాటకు పడిపోయాను.

అన్న నా ఇంటికి రెండంటే రెండుసార్లు వచ్చాడు, కూతుళ్ల పెళ్లిళ్లకు పిలవడానికి. రెండుసార్లూ చాప మీదే కూర్చున్నాడు. నేను కుర్చీ దిగలేదు, కాలు మీది కాలు దించలేదు. రెండోసారి లేవబోతూ కుర్చీ చెయ్యి నిమిరి, "మంచిగున్నదారా చిన్నోడా, నడుముకు?" అన్నాడు. "దొరది. నూరేండ్లది" అన్నాను. "గట్లనా!" అని నవ్వాడు. ఓర్వలేక నవ్వాడనుకున్నాను. అన్న పోయి మూడేళ్లు. ఆ రోజు పరాయివాడిలా దూరంగా నిలబడి వచ్చాను.

వడ్ల ఆయన వెళ్లగానే మా ఊరి బస్సెక్కాను. వదినె వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కుర్చీ సంగతి నేను అడిగింది విని కూడా చెయ్యి ఆపలేదు.

"గిప్పుడు దొరికిందా మర్దీ నీకు? చెదలు వట్టిన పలకలే పొయ్యిల వెట్టిండు. చక్రాలు గట్టిగున్నయని అటుక మీద దాచి కుర్చీ చేపిచ్చిండు. నువ్వు కింద వంగి రాసుకుంటవని, నడుము వోతదని."

"మరి నాకెందుకు చెప్పలే, వదినె?"

"చెప్పనిచ్చినవా? అందర్ల ఒర్రి పోతివి. నేను చెప్తనంటే వద్దన్నడు. 'నేను చేపిచ్చిన అంటే వాపస్ తోలుతడు, దొర కుర్చీ అంటే కూసుంటడు' అన్నడు." తలెత్తి నన్ను చూసింది. "నీ ఇంటికాడికెళ్లి వచ్చినప్పుడల్ల ఎంత మురిసేటోడు! 'కాలు మీద కాలేసిండే, అచ్చం దొర లెక్కనే ఉన్నడు మా చిన్నోడు' అని గల్లి అంత చెప్పిండు."

అన్నను అవమానించాలని వేసిన కాలు అది.

వడ్ల ఆయన ఆ రోజే కుర్చీ కాలు గట్టిగా బిగించి పోయాడు. కుర్చీ ఇప్పుడు ఊగడం లేదు. నేనే ఎక్కలేకపోతున్నాను. అన్న కూర్చున్న చాప మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అన్న చెప్పినట్టే నడుము పోతోంది. కుర్చీ వయసు తేల్చాలని నలభై ఏళ్లు ఎందరితోనో వాదించాను. చెట్టుగా ఎన్నేళ్లుందో తెలిసినవాళ్లెవరూ లేరు. బండినుంచి లెక్కపెడితే నా ఈడుదే. అది మా అన్న ఇచ్చిందని తెలిసి మాత్రం నెల. నాకు ఆ కుర్చీ ఇప్పుడు నెలబిడ్డ; అది పెరిగి పెద్దయ్యేదాకా నేనుండను.