అమ్మ పిసికిన పెండ, మిషను చితక్కొట్టిన బురద

ఆర్మూర్‌లో మురుగునీటి ప్లాంటులో నేను ఆపరేటర్‌ని. "గా కంపుల ఎట్ల పనిజేస్తున్నవే?" అని చుట్టాలు ముక్కు మూసుకుంటారు. మూసుకోనీ. వాళ్లు పంపిందే కదా ఇక్కడికి వచ్చేది!

ఈమధ్య మా దగ్గర అల్ట్రాసౌండ్ మిషను పెట్టారు. గ్యాసు ట్యాంకులోకి పోయే ముందు బురద దాని గుండా పోతుంది. చెవికందని శబ్దం బురదను లోపల్లోపలే చితక్కొడుతుంది. అప్పుడు గాలి తగలని ట్యాంకులో క్రిములు దాన్ని తొందరగా తిని, గ్యాసు ఎక్కువగా ఇస్తాయి. ఇంజనీరు సారు ఇదంతా బోర్డు మీద గీసి చెబుతుంటే నాకు నవ్వాగలేదు. ఈ పని మా అమ్మ ఉత్త చేతులతో చేసేది.

బాల్కొండ దగ్గర మా ఊళ్లో, ఇంటి వెనక గోబర్ గ్యాస్ ఉండేది. పొద్దున్నే అమ్మ తొట్టిలో పెండ వేసి, ఒక్క గడ్డ మిగలకుండా పిసికేది. "గడ్డ లోపటికి పోతే గ్యాసు రాదు బిడ్డా" అనేది. కట్టెల పొగకు ఎర్రబడ్డ ఆమె కళ్లు ఆ నీలిమంట వచ్చాకే తెరిపిన పడ్డాయి. ఆ మంట మీద ఉడికిన మక్క గట్క తలుచుకుంటే ఇప్పటికీ నోరూరుతుంది.

అమ్మ పిసికి వంటకు పోయాక, నీళ్లు కలిపి గుంతలోకి వదలడం నా వంతు. ఓ పసుపు కాలంలో బోరు దాకా పోవడానికి బద్ధకమేసింది. పసుపు ఉడికించిన నీళ్లు డ్రమ్ముల నిండా ఎదురుగానే ఉన్నాయి. వారం రోజులు అవే పోశాను. పుండులో క్రిములను చంపే పసుపు, గ్యాసు పుట్టించే క్రిములను ఊరికే వదులుతుందా? మంట ఆరిపోయింది.

నాన్న ఇల్లు పీకి పందిరేశాడు. "నేనే మంచిగ పిసకలే" అంది అమ్మ. నేను కుక్కిన పేనులా పడున్నాను. మళ్లీ మంట వచ్చేదాకా ఆమె కట్టెల పొయ్యి ముందు కళ్లు తుడుచుకుంటూనే వండింది.

మొన్న అమ్మను ప్లాంటుకు తీసుకొచ్చి మిషను చూపించాను. "గిది గుడ పిసుకుడేనా!" అని మస్తు సంబరపడింది. ఆ సంబరం చూసి ఉండబట్టలేక పసుపు నీళ్ల సంగతి చెప్పేశాను.

"నాకెరుకే" అంది. "తొట్టి అంచు పచ్చగుండె. చెప్తే మీ నాయిన నిన్ను కొట్టేటోడు."

ఇప్పటికీ ఎండకు నీరు కారే ఆ కళ్లలోకి చూడలేకపోయాను.