ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలన్నారు

మిరపకోతల రోజుల్లో ఒక పొద్దున నాకు లంగా బొందు ముడి పడలేదు. కడుపు ఉబ్బిపోయింది. రెండు ముద్దలు తింటే చాలు, ఇంక దిగదు. మా ఊరి ఆర్ఎంపీ గ్యాస్ అన్నాడు. రెండు నెలలు ఆ మాత్రలే మింగా.

అయినా తగ్గకపోతే నరసరావుపేటలో స్కాన్ తీసి గుంటూరు పెద్దాస్పత్రికి పంపారు. బయాప్సీ అయ్యాక డాక్టరమ్మ, "ఓవరీ క్యాన్సరమ్మా, స్టేజ్ త్రీ. ముందు కీమో, తర్వాత ఆపరేషన్, మళ్ళీ కీమో" అన్నారు.

రెండో కీమోకి జుట్టంతా దిండు మీదే ఉంది. అదే ఇంట్లో మా మరిది భార్య సుజాత, నా ఈడుదే, పిడికిట్లో పట్టనంత జడేసుకుని తిరిగేది. నాకు జావ కాచేది, ఒళ్ళు తుడిచేది. అయినా దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండేది. దేవుడికి ఈ ఇంట్లో నేనే దొరికానా అని ఏడ్చేదాన్ని.

ఆ ఆస్పత్రిలో ఒక డాక్టరు గారు రక్తం మీద రీసెర్చ్ చేస్తున్నారు. "రక్తంలో పెప్టైడ్లని ప్రొటీన్ ముక్కలుంటాయమ్మా. ఒక్కో క్యాన్సర్‌కి వాటి ప్యాటర్న్ ఒక్కో రకంగా ఉంటుందా అని చూస్తున్నాం. మీ రక్తంతో పోల్చడానికి మీ వయసులోనే ఆరోగ్యంగా ఉన్న మనిషి కావాలి" అన్నారు.

సుజాత పేరు చెప్పా. మంచికి కాదు. సూదంటే దానికి చచ్చేంత భయం. పోట్లన్నీ నాకేనా, దీనికీ ఒకటి పడనీ అనుకుని, దగ్గరుండి తీసుకెళ్ళి రక్తం ఇప్పించా.

కొన్నాళ్ళకు ఆ డాక్టరు గారు ఫోన్ చేశారు. "సుజాత గారి రక్తంలో ప్యాటర్న్ తేడాగా ఉంది. ఇది రీసెర్చే, దీన్నిబట్టి క్యాన్సర్ అని చెప్పలేం. స్కాన్ చేయిద్దాం."

స్కాన్‌లో దానికీ ఓవరీలోనే గడ్డ కనపడింది. ఆపరేషన్ చేసి పరీక్షకు పంపితే క్యాన్సరే. "స్టేజ్ వన్. మొత్తం తీసేశాం, కీమో అక్కర్లేదు" అన్నారు డాక్టరమ్మ.

నేను భోరుమన్నా. తోడికోడలంటే ఎంత ప్రేమో అనుకున్నారు అందరూ. ప్రేమా పాడా, కుళ్ళు! జబ్బులో కూడా మంచి వాటా దానికేనా? నాకు ఆరు కీమోలు, మధ్యలో రక్తం పడిపోయి రెండుసార్లు వాయిదా. అదేమో వారానికే ఇంటికొచ్చింది. పైగా "అక్కే నన్ను బతికించింది" అని ఊరంతా చెప్పేది. ఆ మాట వింటే నాకు తల కొట్టేసినట్టుండేది.

ఆఖరికి ఉండబట్టలేక చెప్పేశా. "ఏమే, నీక్కూడా సూది పొడవాలనే నిన్ను తీసుకెళ్ళానే."

"తెలుసక్కా. పొడుస్తుంటే నవ్వావుగా."

"తెలిసీ ఊరుకున్నావా?"

"నువ్వు నవ్వి అప్పటికి చానాళ్ళయింది. ఇంకోటి పొడిచినా ఊరుకునేదాన్ని."

చూశారా, మంచితనంలో కూడా నన్ను మించిపోయింది. దానికీ కుళ్ళుకున్నా.

ఇప్పుడిద్దరం ఒకే బస్సులో చెకప్‌కి పోతున్నాం. దాని రిపోర్టు ముందొస్తే నాకు ఇప్పటికీ మండుద్ది.

మీకు నేను చెప్పేది ఒకటే. ఉబ్బరం తగ్గకపోతే గ్యాస్ మాత్రలతో సరిపెట్టుకోకుండా స్కాన్ చేయించుకోండి. పోయేటప్పుడు ఒక్కరే పోవద్దు. ఎవర్నైనా లాక్కెళ్ళి వాళ్ళకీ చూపించండి. మీకు కిట్టనివాళ్ళయినా సరే.