అమ్మకు నీళ్లు నేనే పోస్తాను

మా ముస్లిముల ఇళ్లలో ఆడమనిషి కన్నుమూస్తే చివరి స్నానం చేయించేది ఆడవాళ్లే. అందులో ముందు హక్కు కూతుళ్లది. మా అమ్మకు నేనొక్కదాన్నే కూతుర్ని. అయినా రేపల్లెలో ఆ రోజు నన్ను బయటే ఆపేశారు.

ఎందుకో చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. తెనాలిలో జాకెట్లు కుట్టీ కుట్టీ నా నడుం పోయింది. ఆపరేషన్ తర్వాత నొప్పికి రాసిన మాత్రలు, నొప్పి తగ్గాక కూడా నన్ను వదల్లేదు. నల్లమందు జాతి మాత్రలవి. మానేద్దామని చూస్తే ఒళ్లంతా విరిచేసినట్టుండేది, కడుపులో దేవేది, నిద్ర పట్టేది కాదు. మా ఆయనే బాపట్ల తీసుకెళ్లి ఒక డాక్టరమ్మకు చూపించారు. ఆవిడ రాసిన మాత్ర రోజూ నాలుక కింద పెట్టుకుంటాను. అది కరిగేదాకా మాట్లాడకూడదు. నా నోరు మూయించిన మందు ప్రపంచంలో ఇదొక్కటేనని మా ఆయన వేళాకోళం చేస్తారు.

మా వీధిలో షుగరు డాక్టరు పేరూ, మోకాళ్ల డాక్టరు పేరూ అరుగుల మీద కూర్చుని చెప్పుకుంటారు. నా డాక్టరమ్మ ఊసు మాత్రం ఎత్తకూడదట, ఇంటి పరువు పోతుందట. ఆ మందుతోనే నేను మళ్లీ మనిషినయ్యాను, మిషనెక్కాను. అమ్మ మంచాన పడ్డాక రేపల్లె వచ్చి ఒళ్లు తుడిచింది, తల దువ్వింది, పక్కబట్టలు ఉతికింది నేనే. అప్పుడు నా చేతులకు ఎవరూ వంక పెట్టలేదు. ఆ పనికి ఇంకెవరూ ముందుకు రాలేదు మరి!

మాత్రలు అయిపోయి నేను బాపట్ల వెళ్లిన పూటే అమ్మ పోయింది. తిరిగొచ్చేసరికి పెరట్లో చీరలు కట్టి చాటు చేశారు. రేగాకు వేసిన నీళ్లు పొయ్యి మీద కాగుతున్నాయి. మా ఖాలా, అంటే అమ్మ చెల్లెలు, చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వొద్దులేమ్మా. నషా చేసే ఒళ్లు నీది. అక్కకి పాపం తగులుద్ది."

"ఏంటి ఖాలా, ఐదు పూటలా నమాజుకి పనికొచ్చే ఒళ్లు అమ్మకి పనికిరాదా? అది మత్తుకి చేసే నషా కాదు, మందు. పొద్దున్నే నువ్వు పొడుచుకునే షుగరు సూది లాంటిదే."

"సూదికీ దానికీ పోలికేంటే?"

స్నానం చేయించడానికి వచ్చిన పెద్దావిడ లోపలి నుంచి, "పోయినావిడ దగ్గర గొడవలేంటండి?" అని కసిరింది.

చీర పక్కకు తీసి చూశాను. అమ్మ చెవులు బోసిగా ఉన్నాయి. పోగులు, గాజులు తీసేశారు. స్నానానికి ముందు అవి తీయాల్సిందే. ముక్కుపుడక ఒక్కటే బిగుసుకుపోయి రాలేదు. ఖాలా చూపు ఆ పుడక మీదికీ నా వేళ్ల మీదికీ తిరుగుతోంది. అప్పుడర్థమైంది నాకు. పాపం, పుణ్యం పైపై మాటలు. మాత్రలకు అలవాటు పడ్డది శవం మీది బంగారం కూడా కాజేస్తుందని ఆవిడ భయం. నేను పుట్టి బుద్ధెరిగాక పరాయి ఇంట్లో చెంచా ముట్టలేదు. ఒళ్లు మండిపోయింది. ఏడుపు ఎటు పోయిందో తెలియదు.

నమాజుకి ముందులాగే ముఖం, చేతులు, కాళ్లు కడుక్కుని వుజూ చేసుకుని లోపలికి నడిచాను. వేలికి సబ్బు నురగ రాసి, పుడక మర నెమ్మదిగా తిప్పాను. అమ్మ ముక్కు కందకుండా వచ్చింది. బయటికొచ్చి అందరూ చూస్తుండగా ఖాలా అరచేతిలో పెట్టాను.

"ఇదిగో, నీ భయం నీ దగ్గరే ఉంచుకో. మా అమ్మకి నీళ్లు నేనే పోస్తాను. కాదనేవాళ్లు నన్ను ఈడ్చి అవతల పారెయ్యండి."

చీర తప్పించుకుని మళ్లీ లోపలికెళ్లాను.

పెద్దావిడ చెబుతుంటే కుడి పక్క నుంచి మొదలుపెట్టాను. ప్రతి చెంబులోంచీ నా మణికట్టు మీద కాసిని పోసి చూసుకున్నాకే అమ్మ మీద పోశాను. చన్నీళ్లంటే వణికిపోయేది మా అమ్మ.

చివర కర్పూరం కలిపిన నీళ్లు పోయాలి. అప్పుడు ఖాలా లోపలికొచ్చి, అక్కకు తనూ పోస్తానంటూ చెయ్యి చాపింది. ఒక్క చెయ్యే. రెండోది పిడికిలి బిగించి ఉంది, పుడక అందులోనే ఉంది.

చెంబు ఇవ్వలేదు.

"రెండు చేతులూ ఖాళీ చేసుకుని రా ఖాలా" అన్నాను.